రోడ్డు మీద వింతలు, మన మీద మన జోకులు

2017 అక్టోబరులో అనంతపురం జిల్లా మడకశిరలో తీసిన ఒక ఫొటో దేశమంతా చక్కర్లు కొట్టింది. ఒక బైక్ మీద అయిదుగురు. పెట్రోలు ట్యాంకు మీద ఇద్దరు పిల్లలు, హ్యాండిల్ పట్టుకున్న తండ్రి, వెనక ఇద్దరు ఆడవాళ్లు. ఒక్కరి నెత్తినా హెల్మెట్ లేదు. ఎదురుగా సర్కిల్ ఇన్‌స్పెక్టరు నిలబడి రెండు చేతులూ జోడించి దణ్ణం పెడుతున్నాడు. బండి నడిపే ఆయన ముఖంలో నవ్వు. ఆ సీఐ అప్పుడే రోడ్డు భద్రత మీద అవగాహన కార్యక్రమం ముగించుకుని వస్తున్నాడని తర్వాత వార్తల్లో వచ్చింది. చలానా రాయాల్సిన చెయ్యి దణ్ణం పెట్టిందంటే ఆయన ఎంత విసిగిపోయాడో ఊహించుకోవచ్చు.

ఆ ఫొటోకి జనం తగిలించిన మాటలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ‘మన దేశంలో తప్ప ఇంకెక్కడా చూడలేం’, ‘మనోళ్లు మారరు’, ‘మేరా భారత్ మహాన్’. ఇలాంటి ఫొటోలు ప్రతి ఫోన్లోనూ పదో పరకో ఉంటాయి. రోడ్డంత వెడల్పున గడ్డి మోసుకొచ్చే ట్రాక్టరు, దిగుతూ ఉంటే తరగని మనుషులతో ఆటో, స్కూటర్ వెనక నిలువుగా కట్టిన ఫ్రిజ్, హైవే మీద రాంగ్ రూట్లో దర్జాగా వచ్చే ఎడ్లబండి. చూడగానే నవ్వొస్తుంది. రెండో క్షణంలో ఒంట్లో జలదరింపు పుడుతుంది. మూడో క్షణంలో ‘ఇండియా అంటే ఇంతేరా’ అనుకుంటూ ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేసేస్తాం.

మన మీద మనం నవ్వుకోవడం మంచి లక్షణమే. తన గొప్పలే చెప్పుకునే దేశం కన్నా తన లోటుపాట్ల మీద జోకు వేసుకునే దేశం నయం. పైగా ఇది మనకొక్కళ్లకే ఉన్న గుణం కూడా కాదు. రష్యాలో ఒక పాత మాట ఉంది: ఆ దేశానికి రెండే కష్టాలు, మూర్ఖులూ రోడ్లూ. అక్కడ బీమా కోసం, మోసాల నుంచి తప్పించుకోవడం కోసం కార్లలో కెమెరాలు పెట్టుకోవడం మామూలైపోయింది. 2013 ఫిబ్రవరిలో చెల్యాబిన్స్క్ మీద ఉల్క పేలినప్పుడు ప్రపంచమంతా చూసిన వీడియోలు చాలావరకు ఆ కెమెరాలు తీసినవే. మామూలు రోజుల్లో ఆ కెమెరాలకు చిక్కేది మాత్రం రష్యా రోడ్ల మీది వింతలు. వాటిని చూసి రష్యన్లు ‘మనోళ్లు మారరు’ అనే అనుకుంటారు. వియత్నాంలో మోటారు సైకిళ్ల మీద పందుల్నీ బాతుల్నీ చేపల తొట్లనీ మోసే దృశ్యాలతో ఫొటోల పుస్తకాలే వచ్చాయి. పాకిస్తాన్‌లోనూ, ఇండోనేసియాలోనూ ఓవర్‌లోడ్ లారీల మీద ఇవే జోకులు. ‘ఇంకెక్కడా చూడలేం’ అనుకునే ప్రతివాడూ పక్క దేశం ఫోన్లలోకి తొంగి చూడనివాడే.

మన దగ్గర ఈ ఎగతాళి సామాన్యుడితో ఆగలేదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2024 డిసెంబరులో లోక్‌సభలోనే ఇలా చెప్పుకున్నారు: రోడ్డు ప్రమాదాల మీద జరిగే అంతర్జాతీయ సదస్సులకు వెళితే ముఖం దాచుకోవాల్సి వస్తోందని, ప్రమాదాలు తగ్గిస్తామన్నాం గానీ తగ్గడం అటుంచి పెరిగాయని. అప్పటికే పదేళ్లుగా ఆ శాఖ చూస్తున్న మంత్రి అంత నిజాయితీగా మాట్లాడటం అరుదు, మెచ్చుకోవచ్చు. కానీ ఆ సిగ్గు కూడా చివరికి ‘మన దేశం ఇంతే’ అనే చోటికే చేరింది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. దేశం మొత్తం మీద వేసిన జోకు ఎవరికీ తగలదు. నవ్వినవాడు ఎలాగూ తప్పుకుంటాడు, బండి మీదున్నవాడు పట్టించుకోడు, రోడ్డు వేసినవాడి పేరు, బండికి పర్మిట్ ఇచ్చినవాడి పేరు ఆ జోకులో ఉండవు.

మడకశిర బండినే తీసుకుందాం. ఒక బైక్ మీద ఇద్దరు మించి ఎక్కకూడదని మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ చెప్తుంది. నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి మీద ఎక్కించుకుంటే వాళ్లను నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, పిల్లలకు హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది. ఏడాది గడువిచ్చి 2023 నుంచి అమలు అన్నారు. ఆ బెల్టు కట్టుకున్న పిల్లాణ్ణి మన ఊళ్లలో ఎంతమంది చూసి ఉంటారు? అది ఏ కొట్లో దొరుకుతుందో కూడా చాలామందికి తెలియదు. నిబంధన తెచ్చినవాళ్లకు ఆ కుటుంబం ఇంకెలా ప్రయాణం చేయాలన్నది పట్టలేదు. పెళ్లికో, ఆసుపత్రికో, సంతకో అయిదుగురూ కలిసి వెళ్లాలి. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆటో మాట్లాడుకుంటే రానూ పోనూ ఒక రోజు కూలి. ఇంట్లో ఉన్నది వాయిదాల మీద కొన్న బైక్ ఒకటి.

ఇదే దృశ్యాన్ని ఒకాయన వేరేగా చూశాడు. వానలో ఒక స్కూటర్ మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాన్ని చూశాకే లక్ష రూపాయల కారు ఆలోచన వచ్చిందని రతన్ టాటా చాలాసార్లు చెప్పారు. 2008 జనవరిలో నానోను చూపించినప్పుడు ప్రపంచమంతా తిరిగి చూసింది. పదేళ్లు గడిచేసరికి, 2018లో, దాని తయారీ దాదాపు ఆగిపోయింది. ‘అన్నిటికన్నా చవక కారు’ అన్న ముద్ర దాన్ని దెబ్బ తీసిందని టాటాయే ఒప్పుకున్నారు. స్కూటర్ మీద అయిదుగురు వెళ్తే నవ్విన జనమే ఆ అయిదుగురూ నానోలో వెళ్తే కూడా నవ్వారు. బీదరికం ఏ బండెక్కినా జోకు తప్పదన్నమాట.

ఆటో సంగతి ఇంకాస్త లోతైనది. 2019 ఆగస్టులో కరీంనగర్ జిల్లా తిమ్మాపూర్ దగ్గర పోలీసులు ఒక ఆటోను ఆపి మనుషుల్ని దింపితే 24 మంది లెక్క తేలారు. ఆ వీడియోను పోలీసులే బయట పెట్టారు. 2022 జులైలో ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్ జిల్లాలో ఇంకో ఆటో ఆ రికార్డు కొట్టింది, 27 మంది. ఒక్కొక్కరు దిగుతుంటే పోలీసాయన లెక్కపెడుతూ ఉంటాడు, చూసేవాళ్లు కూడా ఆయనతో కలిసి లెక్కపెడతారు. ఆ వీడియోలో ఉన్న మజా అంతా అదే. ముగ్గురు కూర్చునే ఆటోలో అంతమంది ఎలా పట్టారన్న ఆశ్చర్యం ముందు మిగతా ప్రశ్నలన్నీ వెనక్కి పోతాయి.

అలాంటి ఆటో పొద్దున ఆరింటికి ఊళ్లోంచి ఎలా బయల్దేరుతుందో చూస్తే ఆశ్చర్యం పోతుంది. నాట్లకో, కలుపుకో, మిరపకాయ కోతకో కూలీల్ని పిలిచేది మేస్త్రి. బండి మాట్లాడేదీ అతనే. కిరాయి ట్రిప్పుకి ఇంత అని ముందే ఖాయం, మనిషికి ఇంత అని కాదు. కాబట్టి పది మంది ఎక్కితే మనిషికి పడే ఖర్చు ఒకటి, ఇరవై మంది ఎక్కితే అందులో సగం. ఆ ఖర్చు పోయేది కూలీల డబ్బుల్లోంచే. వెనక సీట్లో నలుగురు, వాళ్ల ఒళ్లో నలుగురు, ఎదురుగా బిగించిన చెక్క మీద ముగ్గురు, వెనక డిక్కీ మీద కాళ్లు వేలాడేసి ఇంకో ముగ్గురు. డ్రైవరుకి అటూ ఇటూ ఇద్దరేసి కూర్చుంటే అతను సగం సీటు మీద, సగం గాల్లో ఉంటాడు. హ్యాండిల్ తిప్పాలంటే పక్కావిడ మోచేయి జరపాలి. బ్రేకు కాలి కింద ఉందో, ఎవరిదో సద్ది క్యారేజీ కింద ఉందో చూసుకోవాలి. పరిమితి మించి ఎక్కించుకున్న ఒక్కో ప్రయాణికుడికీ 200 రూపాయల జరిమానా అని 2019లో సవరించిన చట్టం చెప్తుంది. కిరాయి లెక్క తెలిసిన మేస్త్రికి జరిమానా లెక్క కూడా తెలుసు. పోలీసు ఆపేది ఏ నెలకో ఒకసారి, బండి నడిచేది రోజూ.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పొలం పనికి వెళ్తున్న కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు, దాదాపు అందరూ ఆడవాళ్లే. ఆ ట్రాలీని అంతకు ముందు రోజు ఎవరైనా ఫొటో తీసి ఉంటే అదీ ఒక తమాషా ఫొటో అయ్యేదే. అదే ఏడాది సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలోకి జారి 60 మందికి పైగా పోయారు. బస్సులో ఉన్నవాళ్లు నూరుకి అటూ ఇటూ, పట్టేది అందులో సగమే. ఫుట్‌బోర్డు మీద వేలాడే జనంతో కిక్కిరిసిన పల్లె బస్సు మన సినిమాల్లో దశాబ్దాలుగా కామెడీ సీను. ఆటో ఓవర్‌లోడ్ అయితే డ్రైవరు దురాశ అంటాం, మరి సర్కారు బస్సే ఓవర్‌లోడ్ అయినప్పుడు? ఆ దారిలో ఇంకో బస్సు లేకపోవడమే కదా కారణం.

ఇనుప ఊచల కథలో నవ్వు తక్కువ, వింత ఎక్కువ. ఇల్లు కట్టేవాళ్లు కొనే ఊచ పొడవు సాధారణంగా 40 అడుగులు. కొట్టువాడు దాన్ని మధ్యకి వంచి 20 అడుగులు చేస్తాడు. దాన్ని మోసే ట్రాలీ ఆటో తొట్టి ఆరడుగులు, మహా అయితే ఏడు. అంటే పదమూడు, పద్నాలుగు అడుగుల ఇనుము బండికి బయటే ఉంటుంది. కొంత ముందుకి, డ్రైవరు నెత్తి మీదుగా, మిగతాదంతా వెనక్కి. బరువుకి కొసలు కిందికి వాలి రోడ్డుని రాసుకుంటూ నిప్పురవ్వలు లేస్తుంటాయి. చివర ఒక ఎర్ర గుడ్డ ముక్క కట్టి ఉంటుంది, అదే మొత్తం భద్రత. పగలు ఆ గుడ్డ కనపడుతుంది. రాత్రి ఎదుటి బండి లైట్లు కళ్లలో కొడుతుంటే ఎర్ర గుడ్డా కనపడదు, వేలి లావు ఊచ కొస అంతకన్నా కనపడదు. కొసవైపు నుంచి చూస్తే ఊచ ఒక చుక్క, అంతే.

చట్టం ఇక్కడ విచిత్రంగా నడిచింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సరుకు బండి వెనక్కి ఒక మీటరు దాకా పొడుచుకు రావచ్చని ఉండేది. పాతికేళ్లు అది చట్టబద్ధంగానే జనాన్ని పొడిచింది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక 2014లో ఆ వెసులుబాటు తీసేశారు. 2019 సవరణలో 194(1ఏ) అనే కొత్త సెక్షన్ చేర్చి ఇలా పొడుచుకొచ్చిన లోడుకి 20,000 రూపాయల జరిమానా పెట్టారు. ఆ జరిమానా బండి నడిపేవాడికి, ఆ పని చేయించిన యజమానికి వర్తిస్తుంది. ఊచలు అమ్మి, తన కొట్టు ముందే ఆ చిన్న బండికెత్తించి పంపినవాడి దాకా మాత్రం ఎవరూ పోరు. లోడు కట్టించింది అతనే. పెద్ద బండి పిలిపించాలంటే కిరాయి ఎక్కువవుతుంది, కొనేవాడు పక్క కొట్టుకి పోతాడు. ఇదంతా ఫొటోలో కనపడదు. ట్రాలీ డ్రైవరు ఒక్కడే కనపడతాడు, తిట్లూ అతనికే.

చెరకు ట్రాక్టర్లు, గడ్డి ట్రాక్టర్లు కూడా ఈ కోవలోవే. వెనక నుంచి చూస్తే గడ్డివాము లేచి నడిచి వెళ్తున్నట్టు ఉంటుంది, చక్రాలు కూడా కనపడవు. ట్రాలీకి టెయిల్ ల్యాంపులు ఉన్నా గడ్డి కింద కప్పబడిపోతాయి. అద్దంలో డ్రైవరుకి గడ్డి తప్ప ఇంకేమీ కనపడదు, అందుకే వెనకవాడు ఎంత హారన్ కొట్టినా పక్కకి జరగడు. 2022లో దేశంలో జరిగిన ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనక నుంచి గుద్దుకున్నవే అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక చెప్తుంది. ముఖాముఖి గుద్దుకున్నవి వాటి తర్వాతే. చీకట్లో ఆగిన లారీ, లైట్లు లేని ట్రాలీ, పొడుచుకొచ్చిన ఊచ, ఇవన్నీ ఆ లెక్కలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. యాభై, వంద రూపాయల రేడియం స్టిక్కరు అంటిస్తే సగం ప్రమాదం తప్పే చోట్లు ఇవి. కొన్ని జిల్లాల్లో పోలీసులే ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి చెరకు ట్రాలీలకు స్టిక్కర్లు అంటిస్తుంటారు. నవ్వుకోవడం కన్నా ఇది నూరు రెట్లు నయం.

ఇంతకీ మనం నవ్వుకునే ఈ దృశ్యాలే ఎక్కువమందిని చంపుతున్నాయా అంటే, లెక్కలు వేరే మాట చెప్తాయి. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద చనిపోయారు. అందులో నూటికి 71 మంది చావుకి అతివేగమే కారణమని ఆ నివేదిక రాసింది. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. చచ్చిపోయినవాళ్లలో టూవీలర్ల వాళ్లే నూటికి 44 మందికి పైగా. వేగంగా పోతున్న కారుని ఫొటో తీస్తే అది ఒక మామూలు కారు, అంతే. గంటకు వంద కిలోమీటర్ల వేగం ఫొటోలో పడదు. అందులో జోకు లేదు, ఫార్వర్డ్ చేయడానికి ఏమీ లేదు.

హైదరాబాద్ గచ్చిబౌలి దగ్గర బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌ని 2019 నవంబరు 4న ప్రారంభించారు. మొదటి రోజుల్లో అక్కడ జనం బండ్లు ఆపి సెల్ఫీలు దిగారు, దాని మీద కూడా జోకులొచ్చాయి. నవంబరు 23న ఒక కారు పరిమితికి రెండింతలకు పైగా వేగంతో వచ్చి మలుపులో రెయిలింగు దాటి కింద పడింది. కింద రోడ్డు పక్కన నిలబడిన ఒక మహిళ అక్కడికక్కడే చనిపోయింది. ఫ్లైఓవర్ మూసేసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి, జనవరిలో మళ్లీ తెరిచారు. ఆ కారు మంచి కండిషన్‌లో ఉంది, లోడు ఎక్కువేమీ లేదు, రోడ్డు కొత్తది. అరగంట ముందు దాన్ని ఎవరైనా ఫొటో తీసి ఉంటే ‘అబ్బ, సిటీ ఎంత బాగుంది’ అనుకునేవాళ్లం.

ఆ 71 శాతం అంకెను కూడా కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదు. ప్రమాదం జరిగాక పోలీసు కాగితంలో కారణం రాసేటప్పుడు ‘అతివేగం, నిర్లక్ష్యం’ అన్నది అందరికీ సులువైన గడి. రోడ్డు మలుపు తప్పుగా వేశారా, డివైడర్ ఎక్కడో ముగిసి బోర్డు లేదా, లైట్లు వెలిగాయా అన్నవి రాయాలంటే ఇంకో శాఖను ఇరికించాలి. ఐఐటీ ఢిల్లీలో రోడ్డు భద్రత మీద పనిచేసినవాళ్లు ఈ మాట ఎన్నో ఏళ్లుగా చెప్తూనే ఉన్నారు. విచిత్రమేమిటంటే మన జోకూ, పోలీసు కాగితమూ ఒకే పని చేస్తాయి. రెండూ బండి మీదున్నవాడిని చూసి ఆగిపోతాయి.

ఎగతాళి పనిచేసిన చోట్లు మాత్రం ఉన్నాయి, వాటిని గమనిస్తే తేడా తెలుస్తుంది. 2015 జూన్‌లో బెంగళూరులో బాదల్ నంజుండస్వామి అనే కళాకారుడు రోడ్డు మీద నీళ్లు నిండిన పెద్ద గుంతను పచ్చటి మడుగులా రంగులేసి అందులో ఒక మొసలి బొమ్మ పెట్టాడు. గుంత పూడ్చారు. 2019 సెప్టెంబరులో వ్యోమగామి దుస్తులేసిన మనిషి చంద్రుడి మీద నడుస్తున్నట్టు వీడియో తీశాడు, ఆటో ఒకటి పక్కనుంచి పోయేదాకా అది బెంగళూరు రోడ్డని తెలియదు. మర్నాటికల్లా కార్పొరేషన్ వాళ్లు వచ్చి పని మొదలుపెట్టారు. అది ఫలానా వార్డు, ఫలానా వీధి. తప్పించుకోవడానికి దేశం అడ్డం రాలేదు.

ఈ విద్య మన పల్లెలకు కొత్తేమీ కాదు. వానాకాలం వచ్చిందంటే ఏదో ఒక ఊళ్లో బురద రోడ్డు మీద ఆడవాళ్లు వరి నాట్లు వేస్తారు. నారు కట్టలు తెచ్చి, చీర కొంగు దోపుకుని, నిజంగా పొలంలో వేసినట్టే వరసలో. పక్కన సర్పంచి పేరో, ఎమ్మెల్యే పేరో రాసిన అట్ట. గుంతల్లో గాలం వేసి చేపలు పట్టేవాళ్లు, కాగితం పడవలు వదిలేవాళ్లు ఉంటారు. ఈ తంతు జరిగిన రెండో రోజుకి ట్రాక్టరు మట్టి వచ్చి పడుతుంది, కనీసం మొరం పోస్తారు. 2022 జులైలో జనసేన ఆంధ్రా రోడ్ల గుంతల ఫొటోలతో ‘గుడ్ మార్నింగ్ సీఎం సార్’ అని మూడు రోజులు నడిపింది కూడా ఇదే బాణీలో, పార్టీ లెక్కలు ఎలా ఉన్నా.

భోపాల్ కథ వీటన్నిటి కన్నా రసవత్తరం. 2025 జూన్‌లో అక్కడి ఐష్‌బాగ్ రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఫొటో ఒకటి బయటకొచ్చింది. దాదాపు 18 కోట్లు పెట్టి కట్టిన వంతెన మధ్యలో ఒక్కసారిగా పక్కకి మలుపు తిరిగింది. ‘90 డిగ్రీల బ్రిడ్జి’ అని పేరు పడింది. మీమ్‌లు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. నెల తిరక్కుండానే ఏడుగురు ఇంజినీర్లను సస్పెండ్ చేశారు, కట్టిన సంస్థనూ డిజైన్ సంస్థనూ బ్లాక్‌లిస్టులో పెట్టారు. కాంట్రాక్టరు హైకోర్టుకి వెళ్తే, కోర్టు కొలిపించింది. కోణం 90 కాదు, 118, 119 డిగ్రీల మధ్య ఉందని తేలింది. స్థలం చాలకపోవడం, పక్కనే మెట్రో స్టేషన్ రావడం, రైల్వేకీ రాష్ట్రానికీ మధ్య డ్రాయింగులు, ఇలా చాలా ముళ్లు బయటపడ్డాయి. జోకు అంకె తప్పింది గానీ అడ్రసు తప్పలేదు. అదే నెలలో బిహార్‌లో జహానాబాద్ దగ్గర పట్నా-గయ రోడ్డు వెడల్పు చేస్తూ చెట్లను మధ్యలోనే వదిలేసి తారు పోసేశారు. చెట్లు కొట్టడానికి అటవీ శాఖ ఒప్పుకోలేదు, రోడ్డు వేసేవాళ్లు ఆగలేదు. చెట్ల మధ్య నుంచి వంకరలు తిరుగుతూ పోయే బండ్లను చూసి దేశం నవ్వింది. నవ్వు రెండు ఆఫీసుల మధ్య ఫైలు మీద పడింది కాబట్టి ఆ ఆఫీసులే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

బీదవాడి బండి మీదికి అధికారం దూకినప్పుడు ఏమవుతుందో పంజాబ్ చూపించింది. అక్కడ పాత మోటారు సైకిల్ ముందు భాగానికి వెనక తోపుడు బండి తగిలించి ‘జుగాడ్ రెహ్డీ’లు చేసుకుంటారు. ఇటుకలు, కూరగాయలు, సిమెంటు, గ్యాస్ సిలిండర్లు అన్నీ వాటి మీదే. వాటికి రిజిస్ట్రేషన్ ఉండదు, బీమా ఉండదు, బ్రేకులు బైకువే, బరువు దానికి నాలుగింతలు. 2022 ఏప్రిల్‌లో పోలీసు ఉన్నతాధికారులు వాటిని ఆపేయమని ఆదేశించారు. కొన్ని రోజుల్లోనే గోల మొదలైంది, ముఖ్యమంత్రి జోక్యంతో ఆదేశం వెనక్కి పోయింది. ప్రమాదం ఉందన్నది నిజం. ఆ బండి పోతే ఇంట్లో పొయ్యి వెలగదన్నదీ నిజమే. ఆ రెండిటి మధ్య ప్రభుత్వం చెయ్యగలిగిన పని, వాడికి అందే ధరలో రిజిస్టరయిన మూడు చక్రాల బండి, అప్పు, గడువు. అది చాలా నెలల పని. ఆదేశం ఇవ్వడం ఒక పూట, వెనక్కి తీసుకోవడం ఇంకో పూట.

ఇక తెలుగు నేల మీద అన్నిటి కన్నా ఎక్కువగా ఫొటోలకెక్కేది రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. యాసంగి, వానాకాలం కోతలప్పుడు కామారెడ్డి నుంచి కరీంనగర్ దాకా ఏ దారిలో పోయినా సగం రోడ్డు బంగారు రంగులో ఉంటుంది. రెండు లేన్లలో ఒకటి వడ్లకి, ఒకటి బండ్లకి. వడ్ల చుట్టూ వరసగా రాళ్లు, మీద కాళ్లతో దున్నుతూ నడిచే మనిషి. బయటి దేశం నుంచి సెలవులకొచ్చినవాళ్లు కారు ఆపి వీడియో తీసుకుంటారు, ‘హైవే మీద ధాన్యం ఆరబెట్టే ఏకైక దేశం’ అని పెట్టుకుంటారు. రాత్రయితే ఆ కుప్పల మీద నల్ల టార్పాలిన్ కప్పుతారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, చుట్టూ బండరాళ్లు. వాటిని గుద్దుకుని బైకుల వాళ్లు పడిపోయిన వార్త, చచ్చిపోయిన వార్త ప్రతి సీజన్లో జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటుంది. ఆరబోస్తే కేసు పెడతామని పోలీసులు ప్రకటన ఇస్తారు. కేసులు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

రైతు రోడ్డెక్కడానికి కారణం ఒక అంకె: 17. ధాన్యంలో తేమ నూటికి 17 దాటితే కొనుగోలు కేంద్రంలో మద్దతు ధరకి తీసుకోరు. మిషన్‌తో కోసిన వడ్లు పొలంలోంచి వచ్చేటప్పుడు తేమ అంతకన్నా చాలా ఎక్కువ. వెనకటి రోజుల్లో చేత్తో కోసి, మెదలు ఎండబెట్టి, కుప్ప వేసి, తీరిగ్గా నూర్చేవాళ్లు, ఆరడానికి వ్యవధి ఉండేది. ఇప్పుడు ఊరంతా వారంలో కోత అయిపోతుంది, వడ్లన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. మట్టి మీద పోస్తే రాళ్లూ తేమా పడతాయి. తారు రోడ్డు ఎండకి కాలుతూ ఉంటుంది, రెండు రోజుల్లో ఆరిపోతాయి. కేంద్రంలో తేమ మిషన్ 18 చూపిస్తే బస్తాలు వెనక్కి తిప్పి మళ్లీ రోడ్డు మీదికే. ఈలోగా ఒక వాన పడిందా, మొలకలే.

దీనికి జవాబు కల్లాలు, అంటే ఆరబోసుకునే సిమెంటు గచ్చులు. తెలంగాణలో ఉపాధి హామీ పథకం కింద పొలాల దగ్గర వాటిని కట్టించారు. 2022లో కేంద్రం ఆ పథకం డబ్బు దీనికి వాడకూడదంటూ దాదాపు 151 కోట్లు తిరిగి కట్టమంది. తీర రాష్ట్రాల్లో చేపలు ఆరబెట్టుకునే గచ్చులకు ఒప్పుకుని వడ్లు ఆరబెట్టుకునే గచ్చులకు ఎందుకు ఒప్పుకోరని రాష్ట్ర ప్రభుత్వం అడిగింది. ఆ డిసెంబరులో రాష్ట్రంలో అప్పటి అధికార పార్టీ జిల్లా కేంద్రాల్లో ధర్నాలు చేసింది. చేపలకు చెల్లిన నియమం వడ్లకు ఎందుకు చెల్లదన్నది మామూలు మనిషికి అర్థం కాని గణితం. ఢిల్లీలో ఒక ఫైలు, హైదరాబాద్‌లో ఒక ఫైలు, మధ్యలో తేమ మిషన్. ఆ మూడింటినీ ఎవరూ ఫొటో తీయరు. రాజీవ్ రహదారి మీద సగం రోడ్డు ఆక్రమించిన కుప్పని తీస్తారు, పక్కనే గొడుగేసుకుని కూర్చున్న రైతుని తీస్తారు, కింద ‘మనోళ్లకి రోడ్డంటే కల్లమే’ అని రాస్తారు.